వానాకాలపు దాడులు



కెన్యా దేశపు ఉత్తర భాగంలో మార్సబిట్ అనే ప్రాంతం ఉంది. ఊళ్లు తక్కువ, రాళ్ల మైదానాలు ఎక్కువ. రెండిల్లే, గబ్రా జాతులవాళ్లు ఒంటెలను మేపుతారు, బొరానాలు ఆవులను మేపుతారు. మందల కోసం దాడులు, ప్రతిదాడులు అక్కడ తరాలుగా ఉన్నవే. వారియో అదానో అనే కెన్యా పరిశోధకుడు, కారెన్ విట్సెన్‌బర్గ్ అనే డచ్ పరిశోధకురాలు కలిసి అక్కడి పాత రికార్డులు తిరగేసి, ఏ ఏడు ఎంత వాన పడిందో, ఎంతమంది చనిపోయారో పక్కపక్కన పెట్టి చూశారు. కరువు ఏళ్లలోనే చావులు ఎక్కువ ఉంటాయని మనం అనుకుంటాం. తేలింది వేరు. వానలు బాగా పడ్డ ఏళ్లలో చనిపోయినవాళ్లు, కరువు ఏళ్లకంటే రెట్టింపుకు పైగా ఉన్నారు.

అదెలాగో చెప్పేముందు, అసలు అక్కడ వానలెందుకు మొహం చాటేస్తాయో చూద్దాం. ఆ కథ మనకూ చుట్టమే. మన రుతుపవనాలను నడిపే హిందూ మహాసముద్రమే తూర్పు ఆఫ్రికా వానల్లోనూ వేలు పెడుతుంది. సముద్రం ఆఫ్రికా వైపు వేడెక్కితే అక్కడ కుండపోత, ఇండోనేసియా వైపు వేడెక్కితే ఆఫ్రికాలో ఎండు. 2019లో ఆఫ్రికా వైపు బాగా వేడెక్కింది. వాళ్లకు వరదలొచ్చాయి, మనకూ ఆ ఏడు వానలు దండిగా పడ్డాయి. ఆ తర్వాత పసిఫిక్‌లో లా నినా, అంటే ఆ సముద్రం మామూలుకంటే చల్లబడే దశ, వచ్చి కూర్చుంది. మార్సబిట్ వైపు ఏడాదికి రెండు వానాకాలాలు, మార్చి నుంచి మే వరకు ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఒకటి. 2020 చివరి నుంచి 2022 చివరి దాకా వరసగా అయిదు వానాకాలాలు తప్పాయి. ఒక్క కెన్యాలోనే పాతిక లక్షల పశువులు చచ్చిపోయాయి.

వాన తక్కువ కావడం ఇందులో సగం సంగతే. మే నెల ఎండలో ఆరేసిన చీర ఎంతసేపట్లో ఆరుతుందో, డిసెంబరులో ఎంతసేపు తడితడిగా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. నేల విషయమూ అంతే. గాలి వేడెక్కేకొద్దీ మట్టిలో తేమను, గడ్డిలో పసరును లాగేసుకుంటుంది. కాబట్టి అదే వాన పడినా ఇదివరకటంత మేత మొలవదు. మనుషులు భూగోళాన్ని ఇంతగా వేడెక్కించకపోయి ఉంటే ఈ స్థాయి కరువుకు అవకాశం సుమారు 100 రెట్లు తక్కువగా ఉండేదని, కెన్యాకు చెందిన జాయిస్ కిముతాయ్ ముందుండి నడిపిన శాస్త్రవేత్తల బృందం 2023లో లెక్కగట్టింది.

కరువు మొదట తగిలేది పసిపిల్లల గిన్నెలో. మేత కోసం కుర్రాళ్లు పాడి పశువులను దూరాలకు తోలుకుపోతారు. ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్లు, తల్లులు, పిల్లలు, ఒకటి రెండు మేకలు. ఆ పిల్లలకు పాలంటే టీలో పోసుకునేవి కావు, అవే భోజనం. పాలు ఆగితే బరువు తగ్గుతారు, తగ్గాక చిన్న విరేచనాలు కూడా ప్రాణం మీదికొస్తాయి. అందుకే సంబురు జాతివాళ్లలో కొందరు ఆవులు వదిలి ఒంటెలకు మారుతున్నారు. ఒంటె తుమ్మ ఆకులు మేసి, రోజుల తరబడి నీళ్లు లేకపోయినా పాలిస్తుంది.

ఇక దాడుల సంగతి. కరువులో బావి ఎవరిదో వాళ్లతో మాట మంచిగా ఉండాలి. బొరానాల లోతైన బావుల్లో మగవాళ్లు ఒకరిపైన ఒకరు మెట్లమెట్లుగా నిలబడి, పాడుకుంటూ నీళ్లు పైకి అందిస్తారు. ఏ రోజు ఎవరి మంద తాగాలో వరస పెట్టడానికి ఒక పెద్ద ఉంటాడు. కొత్తవాళ్లు అడిగితే వాళ్లకూ వంతు ఇస్తారు. పైగా బక్కచిక్కిన ఆవును దొంగిలిస్తే దారిలోనే కూలబడుతుంది. వానలు పడ్డాక సంగతి వేరు. పశువులు పరుగెత్తగలవు, దారిపొడవునా నీళ్లుంటాయి, పొదల చాటుంటుంది, అడుగుజాడలను వానే చెరిపేస్తుంది. కరువులో పోయిన మందను మళ్లీ నింపుకోవాలన్న ఆత్రం ఎలాగూ ఉంది.

దీన్నే సూత్రంగా పట్టుకోకూడదు. పక్కనున్న తుర్కానా ప్రాంతంలో మరికొందరు పరిశోధకులు లెక్కలు చూస్తే, అక్కడ ఎండు నెలల్లోనే హింస ఎక్కువని తేలింది. అంటే వానొక్కటే మనుషుల చేతికి ఆయుధం ఇవ్వదు. 1979లో పొరుగున ఉన్న ఉగాండాలో నియంత ఇదీ అమీన్ ప్రభుత్వం పడిపోయినప్పుడు మొరోటో అనే చోట సైనిక శిబిరంలోని తుపాకులను అక్కడి కాపరులు ఎత్తుకెళ్లారు. బల్లెంతో జరిగే దాడి, తుపాకితో జరిగే దాడి ఒకటి కావు. మరోవైపు మందలు నడిచే దారుల మీద పొలాలు, కంచెలు, ఓట్ల కోసం గీసిన సరిహద్దులు వచ్చాయి. నా ఉద్దేశంలో అసలు తంటా ఇక్కడే ఉంది. వాన ఎక్కడ పడితే అక్కడికి నడిచిపోవడమే కాపరికి తెలిసిన కరువు మందు. కాళ్లకు అడ్డం కట్టి, వాళ్లు మూర్ఖంగా కొట్టుకుంటున్నారనడం న్యాయం కాదు.

2010లో మార్సబిట్‌లో ఒక బీమా మొదలైంది. ఉపగ్రహం పైనుంచి చూసి పచ్చదనం ఒక హద్దుకు తగ్గిందంటే డబ్బు వస్తుంది. మేత కొనుక్కోవడానికి అది పనికొస్తుంది, కానీ మూసిన దారిని తెరవలేదు. అలాంటి పని అంతకు చాలా ముందే ఉత్తర కెన్యాలోని వజీర్ అనే పట్నంలో ఆడవాళ్లు మొదలుపెట్టారు. 1990ల మొదట్లో, కరువు వెనకాలే వచ్చిన తెగల కొట్లాటల్లో వజీర్ పట్నం సంత కూడా చీలిపోయింది, ఒక తెగ ఆడవాళ్లు ఇంకో తెగవాళ్లకు పాలు అమ్మేవాళ్లు కాదు. దేఖా ఇబ్రహీం అబ్ది, మరికొందరు స్త్రీలు సంతలో నిలబడి, ఎవరైనా ఎవరి దగ్గరైనా కొనొచ్చు, అమ్మొచ్చు అనే కట్టుబాటు తెచ్చారు. తర్వాత పెద్దలను, కుర్రాళ్లను, అధికారులను ఒకచోట కూర్చోబెట్టారు. అలా పుట్టిన శాంతి కమిటీల పద్ధతి కెన్యాలో మిగతా చోట్లకూ పాకింది. దేఖాకు 2007లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది.

ఉత్తర కెన్యా పెద్దలు 2001లో మొడొగాషె అనే చోట ఒక ఒప్పందం చేసుకున్నారు. దాని ప్రకారం, పరాయి మేత భూమిలోకి మందను తోలేముందు అక్కడి పెద్దల అనుమతి తీసుకోవాలి. మనిషిని చంపితే పరిహారంగా పశువులివ్వాలి, మగవాడికైతే 100, ఆడదానికైతే 50. ఆ లెక్క మీద అక్కడి ఆడవాళ్ల పోట్లాట ఇంకా మిగిలే ఉందనుకుంటాను.