వీధి వెండితెరకెక్కిన వేళ
(రాయపూర్‌లో జరిగిన ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బజారులో సినిమా తీయుచున్నారని వినగానే ఎంత పనిలో ఉన్నవారైనను ఒక్క క్షణము నిలిచి చూతురు. కెమెరా ఎవరిని చూపుచున్నదో అందరికీ కనబడును. దాని కొరకు ఎవరిని పక్కకు జరిపినారో చూచుట కార్మికోద్యమము మనకు నేర్పిన చూపు. నేడు ఆ చూపుతోనే ఈ విషయమును పరిశీలింతము.

ఈ నేలకు సినిమా కొత్త కాదు. 1965లో విడుదలైన తొలి ఛత్తీస్‌గఢీ చిత్రము 'కహి దేబే సందేశ్'ను మను నాయక్ పలారీ గ్రామమున చిత్రించి, కులపు గోడలను ప్రశ్నించినారు. 1981లో సత్యజిత్ రాయ్ దూరదర్శన్ కొరకు 'సద్గతి'ని రాయపూర్ పరిసర గ్రామములలోనే తీసినారు. ప్రేమ్‌చంద్ కథలోని దుఃఖి కూలి లేని చాకిరీలో, ఆకలి కడుపుతో మొద్దు చీల్చుచు ప్రాణము విడుచును. వెట్టిని గురించి మనము చేసిన తీర్మానములేవియు ఆ గొడ్డలి చప్పుడంత సూటిగా చెప్పజాలవు.

ఇక రోము నగరము సంగతి. 1948లో విట్టోరియో డి సికా 'బైసికిల్ థీవ్స్'ను ఆ నగర వీధులలోనే తీసినారు. కథానాయకుడు లాంబెర్టో మజ్జొరాని వృత్తి నటుడు కాడు, కర్మాగార కార్మికుడు. పోయిన సైకిలుకై వెదకు పేదవానిగా లోకముచేత కంటతడి పెట్టించినాడు. తిరిగి కర్మాగారమునకు పోగా, కొంతకాలమునకే ఉద్వాసన పొందినాడు. చిత్రమునకు కీర్తి దక్కినది. అతనికి ఉన్న పని పోయినది.

మన శాఖకు మరింత దగ్గరి ఉదంతము వినుడు. 2014 ఫిబ్రవరి 20న అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, రైల్వే సంస్థ అనుమతి లేకుండ, వంతెనపై పట్టాల నడుమ మంచము వేసి చిత్రీకరణ సాగించిరి. గూడ్సు బండి వచ్చినది. 27 ఏండ్ల కెమెరా సహాయకురాలు మరణించినది, పలువురు గాయపడిరి. 2015లో దర్శకుడు న్యాయస్థానమున నేరము అంగీకరించి జైలుకు పోయినాడు. లైన్ బ్లాకు, కాషన్ ఆర్డరు అనునవి వట్టి లాంఛనములు కావని ఇంతకన్న ఋజువేల?

2021లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము చలనచిత్ర విధానమును ప్రకటించినది. చిత్రీకరణలు పెరిగిన డ్రైవర్లకు, వడ్రంగులకు, వంటవారికి పని దొరకును. దానిని స్వాగతింతము. అయితే మూడు కోర్కెలు మన ముందున్నవి.

ఒకటి: వీధి మూసిన దినమున బేరము పోగొట్టుకొను తోపుడుబండివానికి ముందుగానే పరిహారము చెల్లించవలెను. వీధి వర్తకుల జీవనోపాధికి 2014లోనే పార్లమెంటు చట్టము చేసియున్నది.

రెండు: గుంపులో నిలిపిన స్థానికునికి సైతము దినకూలి, ప్రమాద బీమా వ్రాతపూర్వకముగా ఉండవలెను.

మూడు: స్టేషనులో, యార్డులో భద్రతాధికారి మాటయే తుది మాట కావలెను, దర్శకుని తొందర కారాదు. అదనపు డ్యూటీకి ఓవర్‌టైము ఈయవలెను. తపాలా కార్యాలయమున పొదుపు సొమ్ముకై వచ్చిన వృద్ధురాలు షాటు ముగియువరకు గుమ్మము బయట నిలువరాదు.

మీ శాఖలో చిత్రీకరణకు అనుమతి వచ్చిన వెంటనే దాని నకలు అడిగి తీసికొనుడు; ఏ వేళకు, ఏ ప్లాట్‌ఫారమున, ఎవరి బాధ్యతపై అనునది చదువుడు. ఈ కోర్కెలను శాఖా సమావేశములలో చర్చించి తీర్మానములు పంపవలసినదిగా కోరుచు సెలవు తీసికొనుచున్నాము.