సరుకుల బిల్లులో బ్రిటన్ రాజకీయం
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను ఇంగ్లండు విశేషాలు చెప్పమన్నారు. బిగ్ బెన్ గడియారాన్నీ, రాజుగారి కోటనూ మీ ఫోన్లే నాకంటే బాగా చూపిస్తాయి. నేనక్కడ చాలా ఏళ్లుగా కాపురం ఉంటున్నవాణ్ణి. అందుకే సరుకుల బిల్లు చేతిలో పట్టుకుని ఆ దేశం గురించి నాలుగు మాటలు చెబుతాను.

అక్కడ చాలా వస్తువుల మీద 20 శాతం వ్యాట్ ఉంటుంది. బియ్యం, పాలు, కూరగాయలు, పిల్లల బట్టల మీద మాత్రం పన్ను సున్నా. కేకు మీద పన్ను లేదు, చాక్లెట్ పూత ఉన్న బిస్కెట్ మీద ఉంది. జాఫా కేక్ అనే తినుబండారం కేకా, బిస్కెట్టా అన్న తగాదా ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 1991లో అది కేకేనని తేల్చారు! నవ్వొస్తుంది గానీ, పేదవాడి పళ్లెం మీద పన్ను వేయాలా వద్దా అన్నది నవ్వులాట కాదు.

2022 అక్టోబరులో అక్కడ ధరల పెరుగుదల 11.1 శాతానికి చేరింది. మరుసటి ఏడాది మార్చిలో ఆహారం ధరలైతే 19 శాతం పైగా పెరిగాయి. సాయంత్రం పూట గడువు దగ్గరపడిన సరుకుల మీద పసుపు చీటీ అంటించి ధర తగ్గిస్తారు. ఆ అరల దగ్గర కోట్లు వేసుకున్న ఉద్యోగులు కూడా నిలబడటం అప్పుడు చూశాను. హీటరు వేసే ముందు ఇంకో స్వెట్టరు వేసుకోవడం అందరికీ అలవాటైంది.

2022 సెప్టెంబరు 23న లిజ్ ట్రస్ ప్రభుత్వం దాదాపు 4,500 కోట్ల పౌండ్ల మేర పన్నులు తగ్గిస్తామంది. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చెప్పలేదు. మార్కెట్లు బెదిరాయి, వడ్డీలు ఎగబాకాయి, ఆవిడ ఏడు వారాలకే పదవి దిగారు. అక్కడ ఇంటి అప్పుకు వడ్డీ సాధారణంగా రెండేళ్లో ఐదేళ్లో స్థిరంగా ఉంటుంది. ఆపైన అప్పటి రేటుకు మళ్లీ రాయించుకోవాలి. 2 లక్షల పౌండ్ల అప్పు, 25 ఏళ్ల గడువు అనుకోండి. 2 శాతం వడ్డీకి నెల వాయిదా 850 పౌండ్ల లోపు. 6 శాతమైతే 1,290కి దగ్గర. ఎక్కడో పార్లమెంటులో చదివిన కాగితం మామూలు ఇంట్లో నెలకు 440 పౌండ్ల బరువు కాగలదు.

ఇక జనాభిప్రాయం. 2016 జూన్ 23న 51.9 శాతం మంది ఐరోపా సమాఖ్య నుంచి బయటికి రావాలని ఓటేశారు. అందులో వలసల మీద కోపం పెద్ద పాలు. అయితే ఆ కోపం మనిషి ముఖాన పెద్దగా కనబడదు. పక్కింటి పెద్దాయన, ఊళ్లోకి జనం మరీ ఎక్కువైపోయారని నాతోనే అంటాడు. నేను ఊరెళ్తే నా మొక్కలకు నీళ్లు పోసేదీ ఆయనే. ఆ రెండూ నిజమే.

నన్ను కలచివేసేది వేరొకటి. అక్కడ స్థిరపడిన మనవాళ్లలో కొందరు కూడా, ఇక తలుపులు మూస్తే మంచిదంటున్నారు. తాము ఎక్కిన నిచ్చెనను తామే లాగేస్తున్నారు! 2024 జనవరి నుంచి మాస్టర్స్ చదివే విద్యార్థుల్లో అత్యధికులు భార్యాపిల్లల్ని తీసుకెళ్లలేరు. ఏప్రిల్‌లో నిపుణుల వీసాకు సాధారణ కనీస జీతం 26,200 పౌండ్ల నుంచి 38,700కు, 2025 జూలైలో 41,700కు పెరిగింది. మొదటి రెండూ భారతీయ మూలాలున్న ప్రధాని హయాంలోనివే. పేరు చూసి మురిసిపోతే లాభం లేదు, నిబంధన చదవాలి.

ఇంకో మాట. కామన్వెల్త్ పౌరులుగా, అక్కడ చట్టబద్ధంగా నివసించే మనవాళ్లు భారత పాస్‌పోర్టుతోనే బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. చాలామందికి ఈ సంగతే తెలియదు. ధరల మీద గొణుక్కునే నోరు ఓటరుగా నమోదు చేసుకోవడానికీ కదలాలి కదా.

చివరగా మన సంఘానికి ఒక మనవి. ఈ ఊళ్లో పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని లండన్ పంపే తల్లిదండ్రులున్నారు. ఏజెంటు చెప్పే లెక్కలో ఫీజు ఉంటుంది. అద్దె, బస్సు చార్జీ, చలికాలం గ్యాస్ బిల్లు ఉండవు. చదువు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదన్న మాటా ఉండదు. పిల్లలు విమానం ఎక్కాక తెలిసే నిజాలు అప్పు పత్రం మీద సంతకానికి ముందే తెలియాలి. ఏటా వేసవి సెలవుల్లో ఒక ఆదివారం, ఈ బడిలోనే, విదేశాల్లో ఉన్న మనం అసలు ఖర్చులు చెప్పే కార్యక్రమం పెడదాం. బ్రిటన్ లెక్కలు చెప్పే బాధ్యత నాది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్న మిత్రులు ఈ రోజు భోజనాల వేళకు తమ పేర్లు ఇవ్వగలరని ఆశిస్తూ, సెలవు తీసుకుంటున్నాను.