లెక్కల్లోకి రాని ఆట

(స్త్రీల హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వరకట్నం, గృహహింస, ఆస్తి హక్కుల గురించి మాట్లాడుకునే సభలో కంప్యూటర్ ఆటల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. తీరికవాళ్ల వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ కంప్యూటర్ చదువు చదివి, ఏ కంపెనీలోనూ చేరకుండా సొంతంగా ఆటలు తయారు చేయాలనుకునే అమ్మాయిలు ఈ హాల్లోనే ఉన్నారు. ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా వాళ్ల కోసం.

నేను చెప్పేది క్రీడా సిమ్యులేషన్ గేమ్‌ల గురించి. మీట నొక్కి బంతిని కొట్టే రకం కాదు. జట్టును కూర్చడం, ఎవరిని ఎప్పుడు ఆడించాలో నిర్ణయించడం మన పని. మ్యాచ్‌ను కంప్యూటరే అంకెలతో ఆడిస్తుంది. బొమ్మలు తక్కువ, లెక్కలు ఎక్కువ. అందుకే ఒక్క మనిషి ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని ఇది.

నిజానికి ఈ రంగం అలాగే మొదలయింది. అమెరికాలో హాల్ రిచ్‌మన్ పాచికలు, కార్డులతో ఆడే ‘స్ట్రాట్-ఓ-మ్యాటిక్’ బేస్‌బాల్ ఆటను 1961లో అమ్మకానికి పెట్టాడు. మొదట నష్టాలే. 1963లో తండ్రి దగ్గర 5,000 డాలర్లు అప్పు తీసుకున్నాడు; ఈసారీ దెబ్బతింటే తండ్రి బీమా వ్యాపారంలో చేరతానని మాట ఇచ్చాడు. ఇంగ్లండులో కెవిన్ టామ్స్ 1982లో ‘ఫుట్‌బాల్ మేనేజర్’ ఆటను ఒక్కడే రాసి అమ్మాడు. పాల్, ఆలివర్ కొలియర్ అనే అన్నదమ్ములు ఇంట్లో కూర్చుని రాసిన ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’ 1992లో వచ్చింది.

వీటిని స్వయంకృషి కథలుగా చెబుతారు. స్వయంకృషి లేదని నేననను. అయితే సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని కనక నా చూపు ఆ 5,000 డాలర్ల దగ్గర ఆగిపోయింది. మన ఇళ్లలో ఆడపిల్ల వెళ్లి, “నాన్నా, రెండేళ్లు ఉద్యోగం చేయను, ఒక ఆట తయారు చేస్తాను, డబ్బివ్వు” అంటే ఏమవుతుంది? ఇంట్లో డబ్బు ఉండదని కాదు. పెళ్లి కోసం దాచింది ఉంటుంది. ఆమె పేరు చెప్పి దాచినదే, ఆమె చేతికి మాత్రం రాదు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు రాసుకోమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఆ రాత్రి వంట ఎవరు చేస్తారో, పిల్లవాడికి జ్వరం వస్తే ఎవరు మేలుకుంటారో ఆ సలహాలో ఉండదు.

డబ్బూ తీరికా ఎలాగో సంపాదించుకున్నామే అనుకుందాం. అప్పుడు ఎదురయ్యేది ముడిసరుకు సమస్య. ఈ ఆటలకు ముడిసరుకు గణాంకాలు. జర్మనీవాడైన మార్కుస్ హైన్‌జోన్ 1990ల చివర ‘ఔట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్’ మొదలుపెట్టాడు. జర్మనీలో బేస్‌బాల్ అంతగా లేదు. అయినా సాగింది, ఎందుకంటే అమెరికాలో మగవాళ్ల ప్రధాన లీగుల లెక్కలు 1871 నుంచీ రాసి ఉన్నాయి. షాన్ లామన్ అనే ఆయన వాటిని పట్టికలుగా చేసి ఉచితంగా అందరికీ ఇచ్చాడు. అదే దేశంలో 1943 నుంచి 1954 దాకా 12 సీజన్లు నడిచిన స్త్రీల ప్రొఫెషనల్ లీగు ఆ పట్టికల్లో లేదు.

ఫుట్‌బాల్ సంగతి ఇంకా ఘోరం. 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లో స్త్రీల మ్యాచ్ చూడడానికి దాదాపు 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాల్లో స్త్రీలు ఆడకుండా నిషేధం పెట్టింది. సుమారు 50 ఏళ్లు అది అమల్లో ఉంది. కొలియర్ సోదరుల కంపెనీ తమ ఆటలోకి స్త్రీల ఫుట్‌బాల్‌ను తెస్తామని 2021లో ప్రకటిస్తే, అది జనం చేతికి వచ్చింది 2025 నవంబరులో. లెక్కలు లేవు కనక ఆలస్యమయిందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. లెక్కలు ఎందుకు లేవని కూడా అడుగుతాను.

క్రికెట్‌లో మనకు కొంత నయం. స్త్రీల ప్రపంచ కప్పు 1973లోనే జరిగింది, మగవాళ్లది 1975లో. ఇటీవలి మ్యాచ్‌లకు బంతి బంతికీ లెక్క ‘క్రిక్‌షీట్’ వంటి చోట ఉచితంగా, స్త్రీలవి కూడా, దొరుకుతోంది. కాబట్టి అమ్మాయిలకు నా సలహా, ఒక చిన్న టోర్నమెంటుతో మొదలుపెట్టండి. బ్యాటర్ ఎన్ని బంతులకోసారి ఔటవుతుంది, బౌలర్ ఎన్ని బంతులకోసారి వికెట్ తీస్తుంది, ఆ టోర్నమెంటు సగటు ఎంత, ఈ మూడూ కలిపి ప్రతి బంతికీ అవకాశాలు కట్టి కంప్యూటర్ చేత పాచిక వేయించాలి. అదే సీజన్‌ను వెయ్యిసార్లు ఆడించి, వచ్చిన స్కోర్లు నిజమైన వాటికి దగ్గరగా ఉన్నాయో లేదో చూడాలి.

ఇక్కడ సులువైన దారి ఒకటి ఊరిస్తుంది. మగవాళ్ల అంకెలు తీసుకుని నూటికి ఇంతని తగ్గించడం. దయచేసి ఆ పని చేయకండి. స్త్రీల క్రికెట్‌లో బంతి బరువు 140 నుంచి 151 గ్రాములు, మగవాళ్లది సుమారు 156 నుంచి 163. బౌండరీ దూరం కూడా వేరు. అది కోత వేసిన మగవాళ్ల ఆట కాదు, దాని సగటు దానిదే. పురుషుణ్ని కొలబద్ద చేసి స్త్రీని కొలవడం మనకు కొత్త కాదు, అందుకే అది ప్రోగ్రాములోకి ఎవరికీ తెలియకుండా జొరబడుతుంది.

ఇంకొకటి. ఈ ఆటల్లో క్రీడాకారులు కొన్ని నెలలు ఆడకపోవడానికి సాధారణంగా ఒకటే కారణం, గాయం. మీ ఆటలో ఒకామె తల్లి అయితే ఏం రాస్తారు? గాయం అనే గడిలో పెడతారా? కాంట్రాక్టు రద్దవుతుందా? అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య 2021 నుంచి కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, జీతంలో కనీసం మూడింట రెండు వంతులు ఇవ్వాలని నియమం పెట్టింది. చట్టం కోసం ఊరేగింపులు చేసిన మనం, ఆ చట్టాన్ని ఒక ఆట నియమాల్లో ఎందుకు రాయకూడదు?

జీతాల పట్టిక రాసేటప్పుడు మీ చెయ్యి తప్పకుండా ఆగుతుంది. 2023లో స్త్రీల ప్రీమియర్ లీగులో ఒక్కో జట్టు ఖర్చుకు పరిమితి 12 కోట్లు, ఆ ఏడాదే మగవాళ్ల లీగులో 95 కోట్లు. ఉన్నది ఉన్నట్టు రాయండి. కానీ ఆడేవాళ్లు ఆ అంకెను మార్చి చూసే వీలు కూడా పెట్టండి. 12ను 50 చేస్తే పదేళ్లలో జట్లు ఎలా మారతాయో చూడడం ఏ ఉపన్యాసంలోనూ సాధ్యం కాదు, నా ఉపన్యాసంతో సహా.

పేర్ల విషయం కూడా చెప్పాలి. నిజమైన క్రీడాకారిణుల పేర్లు, ఫోటోలు అనుమతి లేకుండా వాడి అమ్ముకోకూడదు. చాలామంది కల్పిత పేర్లతోనే మొదలుపెడతారు. ఆ జాబితాలో ఏ ఇంటిపేర్లు ఉంటాయి, ఏ ఊళ్లు ఉంటాయి అన్నది మీ చేతిలోనే ఉంది. 2025 నవంబరు 2న ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో కడప జిల్లా శ్రీచరణి ఉందని మరవకండి.

పాత మ్యాచ్‌లకు మాత్రం బంతి బంతికీ లెక్క దొరకడం కష్టం. 1970లు, 80లలో హైదరాబాదులో ఆడినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల బీరువాల్లో స్కోరు పుస్తకాలో పేపరు కటింగులో ఉండవచ్చు. అటువంటివాళ్లు మీకు తెలిసినా, ఆ కాగితాలు చూసి టైపు చేసే ఓపిక మీకున్నా, సభ అయ్యాక బయట బల్ల దగ్గర మీ పేరు రాసి వెళ్లండి.