పిల్లల యెత్తు - అధివృక్క రసము



మన మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులున్నవి. వీనిని అధివృక్క గ్రంథులందురు. వీని పైపొరలో కార్టిసాల్ అను రసము పుట్టును. పిల్లలను పెంచు రసము మాత్రము మెదడు క్రింద బఠాణీగింజంత యున్న పీయూష గ్రంథిలో ఊరును. పీయూషమనగా అమృతమే కాదు, ఈనిన యావు ముర్రుపాలును పీయూషమే. పేరు పెట్టినవాడు రసికుడు.

నడుమునందలి గ్రంథికిని తలయందలి గ్రంథికిని పొత్తేమందురా? వినుడు. పెరుగుదల రసము ఎడతెగని ధారగా రాదు, విడతలుగా వచ్చును. తొలిజాము గాఢనిద్రలో పెద్దవిడత వచ్చును. చెరువు తూమునకువలె దీనికి మెదడులో ఇద్దరు కాపరులు. ఒకడు తూము నెత్తును. సోమాటోస్టాటిన్ అను రెండవవాడు మూయును. కార్టిసాల్ బొత్తిగా లేకున్న పీయూష గ్రంథి మందగించును. ఒక్కమాటు హెచ్చుగా నిచ్చినచో సుమారు మూడు గంటలకు పెరుగుదల రసము హెచ్చి, పిదప తగ్గును. నెలల తరబడి హెచ్చుగానే యున్నచో మూయువానిదే పైచేయి. అదిగాక ఎముకల కొనలందలి మృదులాస్థిని గూడ కార్టిసాల్ సూటిగా కుంటుపరచును.

1932లో అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ ఒక వ్యాధిని వర్ణించెను. అది కార్టిసాల్ ఆధిక్యమువలన కలుగునని తరువాత తేలినది. పిల్లలకు వచ్చినచో ఒళ్లు పెరుగును, ఎత్తు ఆగును.

ఈ శాస్త్రము మనకేల యనగా, ఆయాసమునకును దురదకును కొందరు చీటీ లేకయే యిచ్చు మాత్రలలో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటి యీ జాతి మందులుండును. ఆయాసము తగ్గును, ఆకలి పుట్టును, బుగ్గలు నిండును, అవ్వ మురియును. ద్వారబంధముపై గీత గీచి చూడుడు. నాలుగేండ్లు దాటిన బిడ్డ యేటికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగవలెను. ఆరు నెలలకును గీత కదలనిచో ఆ బుగ్గలు ఆరోగ్యము కావు.

మందును నిందించుట నా యుద్దేశము కాదు. కొన్ని మూత్రపిండ వ్యాధులలో దీనికి సాటి లేదు. ఆయాసమునకు పీల్చు మందులో మోతాదు మిక్కిలి స్వల్పము. దానిని ఏండ్ల తరబడి పీల్చిన పిల్లలు పెద్దయిన పిదప సుమారు 1.2 సెంటీమీటర్లు మాత్రమే పొట్టియని 2012లో అమెరికాలో ప్రకటించిరి. ఊపిరికంటె అది యెక్కువా?

భయపడి మాత్రను హఠాత్తుగా మానరాదు. బయటి రసము వచ్చుచుండగా సొంత గ్రంథి నిద్రించును. ఒక్కసారి మానినచో ప్రాణాపాయము. మాత్రల అట్టను వెంటగొని బిడ్డను వైద్యునికి చూపుడు. ఆయనయే క్రమముగా తగ్గించును. పిదప పెరుగుదల చాలమందికి మరల సాగును గాని, పోయిన యెత్తంతయు ఎల్లరకు రాదు.