నిదానపు లైనుకు నిలకడైన పద్ధతి
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2020లో కరోనా వచ్చినప్పుడు మన పిల్లలు కంప్యూటర్లు సంచిలో పెట్టుకొని ఊళ్లకు వచ్చి, ఇంటి నుండే ఆఫీసు పని చేశారు. పని సాగితే పది రోజులు మన కళ్ల ముందుంటారు. లైను తెగుతుంటే మర్నాడే హైదరాబాదు బస్సెక్కుతారు. కాబట్టి ఇది మనకూ సంబంధించిన విషయమే.

లైను వేగం మన చేతిలో లేదు. దాని మీద ఏ పద్ధతిలో పని నడపాలో ఎంచుకోవచ్చు. ఆ పద్ధతినే ప్రోటోకాల్ అంటారు.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ పెద్ద నగరాల్లో ఇంటర్నెట్ ప్రారంభించినప్పుడు టెలిఫోను లైనే చాలామందికి ఆధారం. సెకనుకు 9600 బిట్ల లైను మీద పది లక్షల అక్షరాల ఫైలు పోవడానికి సుమారు 17 నిమిషాలు పడుతుంది. పదహారో నిమిషంలో తెగితే? 1977 నాటి ఎక్స్‌మోడెమ్ 128 బైట్ల ముక్క పంపి, అందినట్టు కబురు వచ్చేదాకా ఆగేది. లైను తెగితే మళ్లీ మొదటికే. 1986లో వచ్చిన జడ్‌మోడెమ్ ఆగిన చోటు నుండే అందుకొనేది. లైను అదే, ఫలితం వేరు.

నేటికీ సూత్రం అదే. నల్లమల అంచు ఊళ్లలో సిగ్నలు సన్నగిల్లినప్పుడు ఆఫీసు కంప్యూటరు తెర బొమ్మనంతా తెప్పించుకోవడం లైనుకు భారం. అక్షరాలతో సాగే పనికి ఎస్‌ఎస్‌హెచ్ తేలిక. అయితే అది టీసీపీ మీద నడుస్తుంది. టీసీపీలో వరుస తప్పకూడదు. ఒక ముక్క పోతే అది మళ్లీ వచ్చేదాకా వెనుకవన్నీ నిలుస్తాయి. 2012లో అమెరికాలోని ఎం.ఐ.టి. నుండి వచ్చిన మోష్ యూడీపీ మీద నడుస్తుంది. పోయిన పాత ముక్క కోసం ఆగక, తెర ఇప్పుడెలా ఉందో అదే పంపుతుంది. కరెంటు పోయి వైఫై నుండి ఫోను డేటాకు మారినా పని తెగదు. ఫైళ్లకు మాత్రం అది పనికిరాదు. వాటికి ఆర్‌సింక్‌ను, సగం వచ్చిన ఫైలును దాచి ఉంచే ఏర్పాటుతో వాడాలి.

ఈసారి పిల్లలు వచ్చినప్పుడు మూడు మాటలు అడగండి. నీ పనికి బొమ్మ కావాలా, అక్షరాలు చాలునా? తెగితే ఆగిన చోటు నుండి సాగుతుందా? మోష్‌కు, దానికి కావలసిన యూడీపీ దారికి మీ ఆఫీసువారి అనుమతి ఉందా? ఈ మూడూ ముందే చూసుకొని వస్తే, పండుగకు వచ్చినవారు మరి నాలుగు రోజులు మన దగ్గర ఉండగలరు.