ఇస్లాము ధర్మమున భూతదయ : కుక్కను గూర్చిన విచారము



శంషాబాదు ప్రాంతపు పల్లెలలో హిందువులును ముస్లిములును తరతరములుగా ఇరుగుపొరుగై యున్నారు. ఒకే చెరువు క్రింద సేద్యము చేసిరి, ఒకే సంతలో బేరమాడిరి. అమ్మపల్లి సీతారాముల కోవెలకు పోవు త్రోవయు, ఇన్ముల్ నర్వ జహంగీరు పీరుల దర్గాకు పోవు త్రోవయు ఇచ్చటి వారందరికి పరిచితములే. అయినను పొరుగువాని ధర్మమును గూర్చి జనులు వినికిడి మాటలను నమ్మినంతగా గ్రంథములను నమ్మరు. అట్టి వినికిడి మాటలలో నొకటి ఇది: ముస్లిములకు కుక్క గిట్టదనియు, దానిని కొట్టి తరుముట వారి మతమున పుణ్యమనియు. కొందరు దీనిని నిందగా చెప్పుదురు. కొందరు బాలురు నిజమని నమ్మి రాయి చేతబట్టుదురు. గ్రంథములు చెప్పునది మాత్రము వేరు.

ముందుగా నిషేధమును చూతము. మహమ్మదు ప్రవక్త పలుకులను, నడవడిని తెలుపు సంప్రదాయములకు హదీసులని పేరు. క్రీ. శ. 9వ శతాబ్దిలో బుఖారీ, ముస్లిం అను ఇరువురు పండితులు కూర్చిన సంపుటములు సున్నీ ముస్లిములకు మిక్కిలి ప్రమాణములు. మందను కాచుటకు, పైరును కాచుటకు, వేటకు తప్ప ఊరక కుక్కను పెంచువాని పుణ్యములో దినదినము ఒక ఖీరాతు తరుగునని వానిలో కలదు. ఖీరాతు అనునది ఒక తూనిక. కుక్క ఉన్న ఇంట దేవదూతలు అడుగిడరని మరియొక హదీసు. కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడు మారులు కడుగవలెననియు, అందొక మారు మట్టితో తోమవలెననియు ఇంకొకటి.

వీని అర్థమును గూర్చి ధర్మశాస్త్రజ్ఞులలోనే భేదములు గలవు. హైదరాబాదు ప్రాంతపు ముస్లిములలో పెక్కురు హనఫీ సంప్రదాయమువారు. వారి శాస్త్రము ప్రకారము కుక్క చొంగ అశుచి. పొడిగానున్న వెండ్రుకలు తగిలినంతనే బట్ట మైలపడదు. నగరపు దక్షిణపు అంచున చాంద్రాయణగుట్ట కడ బార్కసు అను పేట యున్నది. అరబ్బు దేశపు హద్రమౌతు సీమనుండి వచ్చి నిజాముల కొలువున సైనికులైనవారి సంతతి అచ్చట నివసించుచున్నారు. వారు అనుసరించు షాఫియీ శాస్త్రమున కుక్క శరీరమంతయు అశుచియే. ఆఫ్రికా ఖండపు ఉత్తర, పశ్చిమ దేశములందు వ్యాపించిన మాలికీ శాస్త్రమునందన్ననో ప్రాణముతోనున్న కుక్క శుచియే. పాత్రను కడుగుట దైవాజ్ఞ గనుక కడుగుదురు.

ఈ నియమములన్నియు మనుష్యుని ఇంటిని, పాత్రను, ప్రార్థన వస్త్రమును గూర్చినవి. కుక్కను కొట్టుమని గాని, ఆకట మాడ్చుమని గాని వీనిలో నెచ్చటను లేదు. మడి కట్టుకొని వంట చేయు ఇల్లాలు తన పసిబిడ్డనైనను దరి చేరనీయదు. అంతమాత్రమున ఆమెకు బిడ్డపై ద్వేషమున్నదని ఎవరైన అందురా? దూరము వేరు, ద్వేషము వేరు. ఈ రెంటిని కలిపివేయుటయే వినికిడి మాటలోని దోషము.

ఇక కరుణను గూర్చిన బోధ. బుఖారీ, ముస్లిం సంపుటములు రెంటను ఒక కథ యున్నది. ఎండవేళ ఒక కుక్క దప్పికచే నాలుక వెళ్ళబెట్టి బావి చుట్టు తిరుగుచుండెను. ఇస్రాయేలు సంతతికి చెందిన ఒక వేశ్య దానిని చూచి, తన పాదరక్షను పైబట్టకు కట్టి, నీరు చేది త్రాగించెను. ఆ యొక్క కార్యమునకే దేవుడామె పాపములను క్షమించెనని ప్రవక్త చెప్పెను. బాటసారి యొకడు బావిలోనికి దిగి, పాదరక్షను నీట నింపి, నోట కరచుకొని పైకి తెచ్చి కుక్కకు త్రాగించెనని మరియొక హదీసు. అది విన్న అనుచరులు, పశువులకు చేసిన మేలునకును పుణ్యము కలుగునాయని ప్రశ్నించిరి. ప్రాణమున్న ప్రతి జీవి విషయమునను పుణ్యము కలదని ప్రవక్త బదులిచ్చెను. ఇందు విచారింపవలసినది ఒకటి కలదు. కథ కొరకు ఎన్నుకొనబడినది గోవు కాదు, గుఱ్ఱము కాదు, పావురము కాదు. జనులు దూరముంచు కుక్కయే. నీరు పోసినది పూజ్యురాలు కాదు, లోకము వెలివేసిన స్త్రీ. పాత్రయు బంగారు చెంబు కాదు, కాలి చెప్పు.

దీనికి ఎదురు కథయు కలదు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తానుగా వెదకికొని తిననీయకయు చంపిన స్త్రీ నరకమునకు పోయెనని హదీసు. గూటినుండి పిల్లలను తీసికొని తల్లిపక్షిని ఏడ్పించినవారిని, వానిని మరల గూటనుంచుడని ప్రవక్త ఆజ్ఞాపించెను. ఆకటితో, అధిక శ్రమతో క్రుంగిన ఒంటె కన్నీరు తుడిచి, దాని యజమానిని మందలించెను. ఆహారమునకై పశువును కోయువాడు సైతము కత్తిని బాగుగా పదును పెట్టి, బాధ తగ్గించి కోయవలెనని విధించెను. క్రీ. శ. 630లో సేనతో మక్కాకు పోవుచు, త్రోవలో పిల్లలకు పాలిచ్చుచున్న ఒక ఆడుకుక్కను చూచి, దానిని ఎవరును కదపకుండ ఒక మనుష్యుని కాపుంచెనని చరిత్రకారుడైన వాఖిదీ వ్రాసెను.

ఖురాను సంగతియు చూడుడు. 18వ అధ్యాయమున, విశ్వాసమునకై ఊరు విడిచి గుహలో నిద్రించిన యువకుల కథలో, గుమ్మము కడ ముందుకాళ్ళు చాచి పరుండిన వారి కుక్కయు స్మరింపబడినది. శిక్షణ పొందిన వేటజంతువులు పట్టి తెచ్చిన వేటను తినవచ్చునని 5వ అధ్యాయము చెప్పుచున్నది. భూమిపై నడచునవియు, రెక్కలతో నెగురునవియు మనుష్యులవలెనే సమాజములని 6వ అధ్యాయపు భావము. చిలుకూరి నారాయణరావుగారు 20వ శతాబ్ది పూర్వార్ధముననే ఖురానును తెనుగు చేసిరి గావున, అరబ్బీ రాదను సాకు తెలుగు పఠితకు లేదు.

దాచరాని సంగతి యొకటి కలదు. మదీనాలో ఒకప్పుడు కుక్కలను చంపుడని ప్రవక్త ఆనతిచ్చినట్లును, పిదప దానిని మరలించినట్లును హదీసులందే యున్నది. కరచి హాని చేయు కుక్కను చంపుటకు అనుమతియు కలదు. ఆపదను తొలగించుట ధర్మము. జాతినంతటిని పగబట్టుట ధర్మము కాదు.

ఇది పరధర్మపు వింతయని తలంపవలదు. మహాప్రస్థానమున ధర్మరాజు స్వర్గద్వారము చేరినపుడు, కుక్కతో వచ్చువారికి స్వర్గమున చోటు లేదని ఇంద్రుడే పలికెను. అనగా మన గ్రంథములందును కుక్క మైలయే. అయినను నమ్మి వెంట వచ్చినదానిని విడువజాలనని ధర్మరాజు స్వర్గమునే వలదనెను. ఆ కుక్క ధర్మదేవతయని తేలెను. నన్నయ భారతమున ఆదిపర్వారంభముననే, జనమేజయుని తమ్ములు నిష్కారణముగా సరమ అను దేవశునకపు పిల్లను కొట్టగా, ఆ తల్లి రాజసభకు వచ్చి, సాధువులను హింసించువారికి అనుకొనని ఆపదలు వచ్చునని హెచ్చరించెను. అంతటి ఇతిహాసము ఒక కుక్క మొరతో మొదలిడుట ఊరక కాదు. అచ్చటను ఇచ్చటను శాస్త్రము శౌచమును కోరినది; శౌచమును మించి దయను నిలిపినది.

ఈ విచారము పుస్తకములకే పరిమితము కాదు. 2024 ఫిబ్రవరి ప్రారంభమున శంషాబాదులోనే ఏడాది వయసు పసివాడు వీధికుక్కల వాతబడి మరణించెను. ఆ తల్లిదండ్రుల ఎదుట భూతదయను గూర్చి ఉపన్యసించుట ఎవరికైనను కష్టమే. అదే నెలలో మహబూబ్‌నగరు జిల్లా అడ్డాకుల మండలము పొన్నకల్లులో ఇరువది వరకు వీధికుక్కలను తుపాకితో కాల్చి చంపిరి. ఒక దుఃఖమునకు ఇంకొక క్రౌర్యము మందు కాదు.

మందు ఏది? 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము అకారణ హింసను నేరముగా నెంచినది. వీధికుక్కలను పట్టి, సంతాన నిరోధ శస్త్రచికిత్స చేసి, పిచ్చికుక్క వ్యాధికి టీకా వేసి, పట్టిన చోటనే విడువవలెనని 2023 నాటి నియమములు చెప్పుచున్నవి. ఆ వ్యాధి సోకినవానిని, మీదబడు స్వభావము గలవానిని విడువరాదనియు, నిర్ణీత స్థలములందే తిండి పెట్టవలెననియు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించెను. బడులు, ఆసుపత్రులవంటి చోట్ల పట్టినవానిని మరల అచ్చట విడువరాదని అదే ఏడాది నవంబరులో చెప్పెను.

ప్రభుత్వము చేయవలసినది అది. గ్రామస్థులు చేయవలసినదియు కలదు. 2008 మార్చిలో విమానాశ్రయము తెరువబడిన పిమ్మట ఈ రహదారుల వెంబడి భోజనశాలలును మాంసపు అంగళ్ళును పెరిగినవి. దారి ప్రక్క పారవేసిన ప్రేగులకును ఎముకలకును కుక్కలు గుంపులు గట్టును, గ్రద్దలు మూగును. విమానాశ్రయమునకు 10 కిలోమీటర్లలోపల చెత్తను, కళేబర శేషములను పారవేయరాదని 1937 నాటి విమాన నియమావళి ఏనాడో విధించెను. పీరుల కందూరు నాడు గాని, బక్రీదు నాడు గాని, బోనాల నాడు గాని మిగిలిన వ్యర్థమును లోతుగా పూడ్చుట పసిపిల్లలకు రక్ష, కుక్కలకును రక్ష. కుక్క కరచినచో పసరుమందులతో ప్రొద్దుపుచ్చక, గాయమును సబ్బుతో పారు నీటిలో 15 నిమిషములు కడిగి, ఆనాడే వైద్యశాలకు పోయి టీకా వేయించుకొనవలెను. వేసవిలో గోడ ప్రక్క ఒక మట్టితొట్టెలో నీరు పోయుటకు ఏ శాస్త్రమును అడ్డు రాదు. అది ఇంటి పాత్రయు కాదు, ప్రార్థన స్థలమును కాదు.

కుక్కను ఇంట చేర్చుకొనని ముస్లిము తన ధర్మమును పాటించుచున్నాడు, అతనిని నిందింపరాదు. కుక్కపై రాయి విసరువాడు, ఏ మతమువాడైనను, ఏ ధర్మమును పాటించుటలేదు. ఈ సంగతిని గ్రంథములు విప్పి చదివి, పిల్లలకు చెప్పుట గ్రంథాలయ సభ్యుల విధి.

స్వస్తి.