సూది పట్టిన చెయ్యి

మహమ్మారి వేళ జనం టీకాకు ఎందుకు జంకుతారని అడిగితే, చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు: అజ్ఞానం. ఒక వైద్యుడి స్మృతిలో కూడిన ఈ సభలో ఆ మాటను పరీక్షకు పెడదాం. మందు గుణం మామూలు మనిషి కంటికి ఆనదు; దాన్ని తెచ్చిన చెయ్యి ఆనుతుంది. కనక ఆ చేతిని బట్టే మందును తూస్తాడన్నది నా వాదన.

1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగింది. బాక్టీరియా శాస్త్రవేత్త హాఫ్కిన్ అక్కడే టీకా తయారుచేసి, 1897 జనవరి 10న మొదట తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. ఆ ఏడే అంటువ్యాధుల చట్టం వచ్చింది. దాని అండతో పుణెలో బ్రిటిష్ సర్కారు సోల్జర్లు ఇళ్లలో జొరబడి రోగుల కోసం వెతికారు. ఆ పనికి పెద్దగా ఉన్న అధికారి రాండ్‌ను జూన్ 22న చాపేకర్ సోదరులు కాల్చారు. జనం రోగులను దాచారు, ఊళ్లు విడిచి పారిపోయారు. సూదిమందూ ఆ సర్కారుదే అయినప్పుడు దాన్ని వేరుగా చూడమంటే ఎలా చూస్తారు? అదే రోజుల్లో ఇస్మాయిలీల మతగురువు మూడవ ఆగాఖాన్ అందరి ఎదుటా ఆ టీకా వేయించుకుంటే, ఆయన అనుయాయులైన ఖోజాలు వేలమంది ముందుకొచ్చారు.

ఆ జంకు వట్టిదేమీ కాదు. 1902 అక్టోబర్ 30న అప్పటి పంజాబ్‌లోని ముల్కోవాల్‌లో 107 మందికి ఆ ప్లేగు టీకా వేశారు. ఒకే సీసాలోని మందు ఎక్కిన 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. మిగతా సీసాల మందు పుచ్చుకున్నవారు బాగానే ఉన్నారు. ఆ సీసా తెరిచేటప్పుడు పటకారు నేలమీద పడిందని, దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారని విచారణలో బయటపడింది. అయినా నింద హాఫ్కిన్ మీదే పడింది. అది తొలగేసరికి 1907 వచ్చింది. పందొమ్మిది పాడెలు మోసిన ఊరు అన్నేళ్లూ ఏమని నమ్మాలి?

చదువు పెరిగితే ఈ జంకు పోతుందంటారు. కానీ ఇంగ్లండునే చూడండి: అక్కడ 1853లోనే శిశువులకు మశూచి టీకా తప్పనిసరి చేశారు. 1885లో లెస్టర్ వీధుల్లో దానికి వ్యతిరేకంగా భారీ ఊరేగింపు జరిగింది. 1898లో మనస్సాక్షి ఒప్పుకోని తల్లిదండ్రులకు చట్టమే మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. చదువుతో పాటు ప్రశ్నలూ పెరుగుతాయి.

ఇల్లు కాలుతుంటే నమ్మకం కుదిరేదాకా ఆగమంటారా అన్నది ఇంకో ఆక్షేపణ. ఆగక్కర్లేదు. హైదరాబాద్‌లో తయారైన కోవిడ్ టీకా కోవాగ్జిన్‌కు, మూడో దశ పరీక్షల ఫలితాలు వెలువడకముందే, 2021 జనవరి 3న అనుమతిచ్చారు. అప్పుడు వెనకాడినవారిలో వైద్యులూ ఉన్నారు. ఎండాకాలంలో కోవిడ్ రెండో అల ముంచెత్తాక జనం టీకా కేంద్రాల ముందు బారులు తీరారు. అక్టోబర్ 21కి దేశంలో 100 కోట్ల డోసులు పడ్డాయి. చావుభయం జనాన్ని సూది దాకా తెచ్చిన మాట నిజమే. కానీ అలా తేవడానికి ముందు శ్మశానాలు నిండాలి. అనుమతిలో తొందర తప్పకపోవచ్చు. పరీక్షల లెక్కలు చెప్పకపోవడానికి ఆ తొందర సాకు కాదు. పటకారు కింద పడిందని ఆ వారంలోనే ఊరివాళ్లకు చెప్పగల చేతిలో సూది ఉంటే, తర్వాతి ఊరు తలుపు తీస్తుంది.